ట్రైనర్ ముందు బుద్ధిమంతుడు, మా ముందు రౌడీ: 9 నెలల లాబ్ (లాబ్రడార్) కుక్క, సలహా కావాలి

పటమట_సుధ
మా బ్రూనోకి తొమ్మిది నెలలు. లాబ్, మగ, 29 కేజీలు. నెలన్నర పాటు ట్రైనర్‌ని పెట్టాం, పొద్దున్నే ఇంటికొచ్చి ముప్పావుగంట చెప్పేవాడు. అతని ముందు సిట్ అంటే సిట్, స్టే అంటే స్టే. వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపుకున్నాం కూడా. అతను మానేసి పదిహేను రోజులైంది. ఇప్పుడు మేం చెబితే మా మొహం చూసి ఆవులిస్తాడు.

నిన్న రైతుబజారు దగ్గర మేకని చూసి ఒక్క గుంజు గుంజాడు. సంచి రోడ్డు మీద, టమాటాలు ఆటో కింద. మొన్న మా అత్తయ్యగారి మీదకి ఎగిరితే ఆవిడ వెనక్కి తూలి సోఫాలో పడ్డారు కాబట్టి సరిపోయింది. 71 ఏళ్ళు ఆవిడకి. రమ్మంటే రాడు, పైగా "రా" అన్న మాట వింటే మంచం కిందకి దూరిపోతాడు. మావారు కంకిపాడు అవతల వాళ్ళ బాబాయి తోటలో వదిలేద్దాం అంటున్నారు. అసలు తెలివితక్కువ వాడికా, చేతకానితనం మాదా? నిజం చెప్పండి, ఏమీ అనుకోను.

కృష్ణలంక_కుర్రాడు
లాబ్‌కి తొమ్మిది నెలలంటే మనకి ఇంటర్ సెకండియర్ అక్కా. ఆ వయసులో నేనూ ఎవరి మాటా వినలేదు.

బందరురోడ్డు_బాబాయ్
అంతా గారాబం. చైన్ బిగించి పట్టుకుని ఒక్క జర్కు ఇవ్వండి. పేపర్ చుట్టి మూతి మీద రెండు తగిలించండి. మీరు తిన్నాకే దానికి పెట్టాలి. గుమ్మంలోంచి ముందు మీరు వెళ్ళాలి, వెనక అది రావాలి. ఇంట్లో లీడర్ ఎవరో దానికి తెలియాలి. మా రాజు పదమూడేళ్ళు బతికాడు, ఆల్సేషియన్. నేను గొంతు సవరిస్తే చాలు, మూలకెళ్ళి కూర్చునేవాడు.

బ్రాడీపేట_లత
బాబాయ్ గారూ, ఇది కుక్క సంగతా, మీ ఆఫీసులో గుమాస్తా సంగతా?

గన్నవరం_ఇంటర్నీ
వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. తిట్టుకునే ముందు సుధ గారిని రెండు ప్రశ్నలు అడగనివ్వండి. ఇంట్లో ఎంతమంది? కూర్చోమని చెప్పడానికి ఎవరెవరు ఏ మాట వాడుతున్నారు? ఉన్నదున్నట్టు రాయండి.

పటమట_సుధ
ఐదుగురం. నేను "సిట్" అంటా. మావారు "సిట్ డౌన్". మా అబ్బాయి "సిట్ సిట్ సిట్ సిట్", వాడు ఏదైనా అంతే. అత్తయ్యగారు "కూచోరా సన్నాసీ". మావయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన "బైఠో".

కొరిటెపాడు_కిరణ్
కుక్కకి త్రిభాషా సూత్రం అమలు చేస్తున్నారు 😂

కృష్ణలంక_కుర్రాడు
పాపం బ్రూనో. సన్నాసి అన్నది తన రెండో పేరనుకుంటున్నాడేమో.

గన్నవరం_ఇంటర్నీ
అనుకున్నా. వాడికి తెలివి బాగానే ఉంది. ట్రైనర్ దగ్గర ఒకే మాట, ఒకే గొంతు, ఒకే చెయ్యి ఊపు. ఇంట్లో ఐదు. దానికి భాష రాదండీ, మనం ఒకే చప్పుడుని ఒకే పనితో వందసార్లు ముడిపెడితేనే అది "మాట" అవుతుంది. మీ అబ్బాయి నాలుగుసార్లు అంటున్నాడు కదా, దాని లెక్కలో ఆ నాలుగూ కలిపి ఒక మాట. మూడింటి దాకా ఆగి నాలుగోదానికి కూర్చుంటుంది. మీవారి "సిట్ డౌన్" ఇంకో తంటా. ట్రైనర్లు డౌన్ అంటే పడుకోమని నేర్పుతారు. సగం కూర్చుని సగం పడుకోవాలా వాడు?

ఇక బహుమతి ఎప్పుడిస్తున్నారన్నది. చాలా ఇళ్ళల్లో చూస్తా: కుక్క కూర్చుంటుంది, "అబ్బా గుడ్ బాయ్" అంటూ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి బిస్కెట్ తెస్తారు. ఈలోగా అది లేచి వెనకే వచ్చి, ఎగిరి అందుకుంటుంది. మీరు కూర్చున్నందుకు ఇచ్చాననుకుంటారు. అది ఎగిరినందుకు వచ్చిందనుకుంటుంది. పని చేసిన సెకనులో అందాలి, మహా అయితే రెండు. అంత త్వరగా చెయ్యి అందదు కాబట్టే ముందు ఒక గుర్తు మాట పెట్టుకుంటారు. పొట్టిగా, ఎప్పుడూ ఒకే తీరుగా "శభాష్". ఆ మాట పడిందంటే తినేది వస్తోందని దానికి తెలియాలి. మొదటి రెండు రోజులు ఏ పనీ చెప్పకండి. శభాష్ అనండి, ముక్క ఇవ్వండి, అంతే. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ దగ్గర తిండి గుర్తు చప్పుడు వినగానే కుక్కలకి చొంగ కారిందే ఈ లెక్కన. (ఆయనకి 1904లో నోబెల్ ఇచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద పనికి. మా ఫిజియాలజీ వైవాలో ఇది తప్పు చెప్పి నేను తిట్లు తిన్నా.)

ఆవులింత గురించి ఒక మాట. నిద్ర లేకుండా ఆవులిస్తున్నాడంటే, మూతి నాక్కుంటున్నాడంటే, చాలాసార్లు అది కంగారు. మిమ్మల్ని లెక్కచేయకపోవడం కాదు.

బందరురోడ్డు_బాబాయ్
బిస్కెట్ ఇస్తేనే వినే కుక్క బిస్కెట్ లేనప్పుడు ఏం వింటుంది? దాన్ని లంచం అంటారు.

బ్రాడీపేట_లత
లంచం పనికి ముందు ఇస్తారు బాబాయ్ గారూ. పని అయ్యాక ఇస్తే జీతం. ముక్క చూపించి బతిమాలి కూర్చోబెట్టేవాళ్ళున్నారు, అది లంచమే, ఒప్పుకుంటా. జేబులో దాచి, కూర్చున్నాక ఇవ్వాలి.

పైగా జీవితాంతం ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. నేర్చుకునేటప్పుడు ప్రతిసారీ. వచ్చేశాక రెండుసార్లకి ఒకసారి, ఐదుసార్లకి ఒకసారి, లెక్క దొరక్కుండా. పేకాటలో కూర్చున్నవాడు ఎందుకు లేవడో ఆలోచించండి. ప్రతి ఆటా గెలిచి కాదు, ఈసారి వస్తుందేమోనని.

కొరిటెపాడు_కిరణ్
లత గారు చెప్పినదానికి రెండో వైపు కూడా ఉంది. సుధ గారూ, మీ ఇంట్లో భోజనాల దగ్గర వాడు మొరుగుతాడా?

పటమట_సుధ
మొరగడం కాదు, కచేరీ. ఎవరం పెట్టం. అంటే... మావయ్యగారు అప్పుడప్పుడూ అప్పడం ముక్క పడేస్తారు. "ఎప్పుడో ఒకసారేగా" అంటారు.

కొరిటెపాడు_కిరణ్
ఆ "ఎప్పుడో ఒకసారే" అసలు జబ్బు. రోజూ పెట్టి ఒకరోజు ఆపేస్తే తొందరగా మానేస్తుంది. పదిరోజులకి ఒక్కసారి పడుతుంటే పది రోజులూ మొరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో నాన్నమ్మ చేత మాన్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకోటి, ఆపిన మొదటి వారం మొరుగుడు తగ్గదు, పెరుగుతుంది. లిఫ్ట్ రాకపోతే బటన్ ఇంకా గట్టిగా నొక్కుతాం కదా, అలా. ఆ వారంలో ఒక్కసారి మెత్తబడ్డారా, గట్టిగా అరిస్తే అప్పడం వస్తుందని మీరే నేర్పినట్టు.

మిరపయార్డ్_మోహన్
మా జిమ్మీ గోంగూర పచ్చడి గిన్నె నాకి ఇల్లంతా మూడు రౌండ్లు కొట్టింది. గుంటూరు కుక్క అయ్యుండి కారం తట్టుకోలేకపోతే ఎలా అని మా నాన్న బాధ.

గన్నవరం_ఇంటర్నీ
నవ్వు వచ్చింది గానీ పచ్చళ్ళు, సాంబారన్నం వద్దండీ. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలని దెబ్బతీస్తాయి, వండినా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు.

ముక్కలకి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ చాలు. శనగ గింజంత ముక్క సరిపోతుంది, దానికి ఎన్నిసార్లు వచ్చిందనేదే లెక్క. రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటనివ్వకండి, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. లాబ్‌లు ఊరికే లావెక్కుతాయి.

ప్యాక్_లీడర్_రాజేష్
అందరూ తిండి గురించే చెప్తున్నారు. బాబాయ్ గారు చెప్పిన ఆల్ఫా, అంటే గుంపు లీడర్, పాయింట్ ఎవరూ పట్టించుకోవట్లేదు. కుక్కలు తోడేళ్ళ నుంచి వచ్చాయి, తోడేళ్ళ గుంపులో ఒక నాయకుడు ఉంటాడు. మనం ఆ స్థానం తీసుకోకపోతే అది తీసుకుంటుంది. వెల్లకిలా తిప్పి కదలకుండా నొక్కిపట్టాలి. నేను యూట్యూబ్‌లో చాలా చూశా.

లైబ్రరీ_పురుగు
ఆ కథ ఎక్కడ మొదలైందో చెబుతా. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళని చూసి రాశాడు. ఒకదానికొకటి సంబంధం లేనివాటిని ఒకే ఆవరణలో పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? మన ఆర్టీసీ బస్టాండ్‌లో సంక్రాంతి రష్ చూసి తెలుగు కుటుంబాలు ఇలా ఉంటాయని రాసినట్టు. 1970లో డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త తన పుస్తకంలో ఆ మాటని బాగా ప్రచారం చేశాడు. తర్వాత ఆయనే ఏళ్ళ తరబడి అడవి తోడేళ్ళ దగ్గర ఉండి చూసి, 1999లో పేపర్ రాశాడు: గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ, కొట్టుకుని గెలిచిన నాయకుడెవరూ లేడు అని. తన పాత పుస్తకం అచ్చు ఆపేయమని ప్రచురణకర్తనే అడిగాడు. ఆయన వదిలేసినదాన్ని మనం ఇంకా పట్టుకుని ఊగుతున్నాం.

అయినా బ్రూనోకి మీ ఇంటి పెత్తనం ఎందుకండీ, కరెంటు బిల్లు కడతాడా?

కృష్ణలంక_కుర్రాడు
రాజేష్ అన్నా, ఆ నొక్కిపట్టడం మా వీధి నల్లోడి మీద ట్రై చెయ్. నేను పక్కన వీడియో తీస్తా.

ప్యాక్_లీడర్_రాజేష్
వీధి కుక్క వేరు, పెంపుడు కుక్క వేరు.

కొరిటెపాడు_కిరణ్
వేరేం కాదు బ్రో. మా మల్లి అచ్చం వీధిదే, డ్రైనేజీ పక్కన దొరికింది. సిట్ నేర్చుకోవడానికి నాలుగు రోజులు, గేటు తీసినా చెప్పేదాకా దాటకపోవడానికి మూడు వారాలు. రోజుకి నాలుగు నిమిషాల చొప్పున మూడుసార్లు, అంతే. విసుగు రాకముందే ఆపేయాలి. అరగంట క్లాసు పెడితే నాకే నిద్రొస్తుంది, దానికి రాదా?

పటమట_సుధ
సరే, "రా" సంగతి చెప్పండి. మంచం కిందకి ఎందుకు దూరతాడు?

బ్రాడీపేట_లత
మీరు ఎప్పుడెప్పుడు "రా" అంటారు?

పటమట_సుధ
స్నానానికి. గోళ్ళు కత్తిరించడానికి. చెప్పు కొరికినప్పుడు. పార్కులో ఇంక ఇంటికి వెళ్దాం అన్నప్పుడు. ... ఓహో.

బ్రాడీపేట_లత
అదీ. చిన్నప్పుడు నాన్న "ఇలా రా, ప్రోగ్రెస్ కార్డ్ పట్రా" అంటే మనం దూకుతూ వెళ్ళామా?

ఆ మాట చెడిపోయింది, దాన్ని వదిలేయండి. కొత్తది పెట్టండి. మేము "దగ్గరికి" పెట్టాం. ఆ మాట పలికితే చికెనే, ఇంకేం కాదు. స్నానానికైతే పిలవకండి, మీరే వెళ్ళి పట్టీ పట్టుకుని తీసుకెళ్ళండి. పార్కులో పది సార్లు పిలిచి, ముక్కపెట్టి, మళ్ళీ ఆడుకో పొమ్మనండి. పదకొండోసారి ఇంటికి. ఎంత ఆలస్యంగా వచ్చినా వచ్చాక తిట్టొద్దు, కష్టమే గానీ. అరగంట పరిగెత్తించి వచ్చినా సరే, వచ్చినందుకు మెచ్చుకోవాల్సిందే. తిడితే పారిపోయినందుకు కాదు, వచ్చినందుకు తిట్టారని దాని లెక్క.

అలవాటయ్యేదాకా వదలకండి. వన్‌టౌన్‌లో తాళ్ళ కొట్లో పది మీటర్ల నైలాన్ తాడు కొనుక్కోండి. మెడ పట్టీకి కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కి కట్టాలి.

గన్నవరం_ఇంటర్నీ
లత గారి మాటకి తోడు ఒకటి. హాల్లో వచ్చిన పాఠం రోడ్డు మీద రాదు. కుక్కకి "కూర్చో" అంటే "టీవీ ముందు, ఎర్ర చాప మీద, పొద్దున ఏడింటికి కూర్చో" అని అర్థం. ట్రైనర్ మీ హాల్లోనే చెప్పాడు కదా? ముందు హాలు, తర్వాత వరండా, మెట్లు, గేటు లోపల, ఖాళీ వీధి. రైతుబజారు, మేక అన్నవి పీజీ ఎంట్రెన్స్. ఎల్‌కేజీ వాణ్ణి అక్కడ కూర్చోబెట్టి ఫెయిలయ్యాడంటున్నాం.

గుంజడానికి మందు ఒక్కటే, బోరు కొట్టే మందు. తాడు బిగుసుకున్న క్షణం ఆగిపోండి. వెనక్కి లాగొద్దు, తిట్టొద్దు, స్తంభంలా నిలబడండి. వదులైతే నడవండి. ఎందుకంటే ఇప్పటిదాకా గుంజితే మేక దగ్గరపడింది. గుంజడానికి జీతం మేకే ఇస్తోంది.

మిరపయార్డ్_మోహన్
మేము ఇలా ఆగీ ఆగీ అరండల్‌పేట ఒక లైను దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. బెంజి సర్కిల్ ట్రాఫిక్ నయం. కానీ నాలుగో వారానికి లాగడం మానేసింది, నిజం.

సైలెంట్_రీడర్_77
వేళ కూడా చూసుకోండి. ఈ ఎండల్లో బెజవాడ తారు రోడ్డు మీద నడిపిస్తే పాదాలు కాలిపోతాయి. అరచెయ్యి తిప్పి వెనక వైపు రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టండి, మీకు ఓర్వలేకపోతే దానికీ అంతే. పొద్దున ఆరులోపు, సాయంత్రం రోడ్డు చల్లారాక.

దీపావళి_బాధితుడు
మధ్యలో నాదొకటి. మాది ఢమాల్ అంటే బాత్రూంలో దాక్కుంటుంది. ఏం చేయాలి?

గన్నవరం_ఇంటర్నీ
పండక్కి రెండు మూడు నెలల ముందు మొదలెట్టాలి. టపాకాయల రికార్డింగ్ వినీ వినపడనంత సౌండ్‌లో పెట్టి చికెన్ పెట్టండి. తినడం మానేసిందంటే ఎక్కువైనట్టు, తగ్గించండి. వారానికి కాస్త చొప్పున పెంచండి. వేరే టాపిక్ తెరవండి, అక్కడ వివరంగా రాస్తా.

పటమట_సుధ
అత్తయ్యగారి మీదకి ఎగరడం? ఆవిడ "అయ్యో అయ్యో పో పో" అని రెండు చేతుల్తో తోస్తారు. ఇంకా రెచ్చిపోతాడు.

కొరిటెపాడు_కిరణ్
చెయ్యి తగిలితే, అరిస్తే, వాడికి కబడ్డీ. ఎగిరితే అందరూ వీపు తిప్పేయాలి, మాట లేదు, చూపు లేదు. నాలుగు కాళ్ళూ నేల మీదుంటేనే నిమరాలి. కానీ ఆ వయసులో ఆవిడ్ని వీపు తిప్పుకోమనడం రిస్కే. ఆవిడ లేచి తిరిగే వేళకి వాణ్ణి తాడుకి కట్టి ఉంచండి. కూర్చునే ఉన్నప్పుడు ఆవిడ చేతే "కూర్చో" చెప్పించి ముక్క పెట్టించండి. రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడే కదా, అసలు టీచర్ ఆవిడే అవ్వాలి.

ప్యాక్_లీడర్_రాజేష్
మొత్తానికి ట్రైనర్లంతా దండగ అంటారా? నా ఫ్రెండ్ అదే పని చేస్తాడు.

లైబ్రరీ_పురుగు
దండగ అనలేదు. డ్రైవర్‌ని పెట్టుకుంటే మనకి డ్రైవింగ్ వస్తుందా? ముప్పావుగంటలో పది నిమిషాలు కుక్కకి, మిగతాది ఇంట్లోవాళ్ళకి నేర్పేవాడు మంచి ట్రైనర్. "మీరు లోపల ఉండండి, నేను చూసుకుంటా" అనేవాణ్ణి పెట్టుకోవద్దు.

బందరురోడ్డు_బాబాయ్
రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నా. ఒకటి అడుగుతా, వెటకారం చేయొద్దు. మా రాజు గుర్రుమనేవాడు కాదు. చిన్నప్పుడు అన్నం గిన్నె దగ్గర గుర్రుమంటే నేను గట్టిగా కొట్టా, మళ్ళీ ఎప్పుడూ అనలేదు. మంచి కుక్క అని ఊరంతా చెప్పుకున్నాం. ఆరో ఏట పక్కింటి పిల్లాడు గిన్నె దగ్గరికి వస్తే చప్పుడు లేకుండా చెయ్యి పట్టేశాడు. ఎందుకలా చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గన్నవరం_ఇంటర్నీ
గుర్రుమనడం హెచ్చరిక సార్. "దగ్గరికి రాకు, నాకు భయంగా ఉంది" అని చెప్పడం. దెబ్బకి ఆ శబ్దం పోయింది, లోపలి భయం పోలేదు. అలారం వైరు కత్తిరించినట్టు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేశారు, మా తాతయ్య కూడా. గిన్నె దగ్గర గుర్రుమంటే గిన్నె లాక్కోకుండా, దాటుతూ అంతకన్నా మంచి ముక్క అందులో వేసి వెళ్ళాలి. మనిషి వస్తే పోదు, పెరుగుతుంది అని దానికి తెలియాలి. అప్పటికే కరిచిన చరిత్ర ఉంటే సొంత ప్రయోగాలు వద్దు, డాక్టర్‌కి చూపించాలి.

చదివేవాళ్ళ కోసం: ఏ కుక్క కరిచినా, టీకాలు వేసిన పెంపుడుదైనా, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పసుపూ కారం అద్దకండి.

బందరురోడ్డు_బాబాయ్
ఆ పిల్లాడికి ఇప్పుడు పెళ్ళైంది. చేతి మీద మచ్చ ఉంది. కనపడితే "రాజు అంకుల్" అనే పిలుస్తాడు నన్ను.

పటమట_సుధ
మూడు వారాల తర్వాత వస్తున్నా. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: కూర్చో, పడుకో, దగ్గరికి, ఆగు, వదులు. ఐదే మాటలు, అందరూ అవే. తెలుగే ఎందుకంటే అత్తయ్యగారు ఇంగ్లీషులో చెప్పనని మొండికేశారు. ఇప్పుడు ఇంట్లో వాడు నూటికి నూరు వినేది ఆవిడ మాటే. కూర్చోబెట్టి నిమురుతూ సీరియల్ చూస్తున్నారు. "దగ్గరికి" అంటే మేడ మీద నుంచి కూడా వస్తున్నాడు. గుంజడం సగం తగ్గింది, మేక కనిపిస్తే మాత్రం పాత బ్రూనోనే. మావారు నడిపిస్తే ఇంకా గుంజుతాడు, ఆయనకి ఆగే ఓపిక లేదు. కంకిపాడు మాట ఎత్తడం లేదు.

అప్పడాల విషయంలో ఓడిపోయాం. మావయ్యగారు ఇప్పుడు ముందు "కూర్చో" అని, తర్వాత అప్పడం వేస్తున్నారు. రూల్ ప్రకారమే కదా అంటున్నారు.

కొరిటెపాడు_కిరణ్
రైల్వే ఆయన కదా, రూల్ పుస్తకంలోనే సందు పట్టుకున్నారు. భోజనం చేసేచోట కాకుండా వాడి గిన్నెలో వేయమనండి, ఉప్పు లేని అప్పడం దొరికితే.

మిరపయార్డ్_మోహన్
ఉప్పు లేని అప్పడం కన్నా కుక్క తోక పట్టుకుని కృష్ణ ఈదడం సులువు.

బందరురోడ్డు_బాబాయ్
మా మనవడు కుక్కపిల్లని తెస్తానంటున్నాడు. రెండు నెలలదట. లతమ్మా, ఆ తాడు ఎన్ని మీటర్లన్నావు?

గన్నవరం_ఇంటర్నీ
తాడు తర్వాత కొనొచ్చు సార్. ముందు టీకాల కార్డు అడగండి. మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా హాయిగా చూసి అలవాటుపడినవాటికి కుక్క తర్వాత చాలావరకు భయపడదు, మీకు ఇంకో ఆరు వారాలే ఉన్నాయి. టీకాలు పూర్తయ్యేదాకా నేల మీద దించకుండా చంకన వేసుకుని తిప్పండి. ఆటోలు, గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, గుడి గంట, చిన్నపిల్లలు, అన్నీ చూడాలి.

బందరురోడ్డు_బాబాయ్
చంకనా? బందరు రోడ్డు మీద? సరే, పొద్దున్నే చీకట్లో తిప్పుతా.

కృష్ణలంక_కుర్రాడు
చీకట్లో తిప్పితే గొడుగులు ఏం కనపడతాయి బాబాయ్.